పగిలిన ఇత్తడి కప్పు: తప్పు డైలోనా, సెగలోనా?

ప్రెస్ షాపులో ఇత్తడి కప్పు చీలితే ముందు అందరి చూపూ డై మీద పడుతుంది. పంచ్ అంచు తడిమి చూస్తారు, డై రేడియస్‌కు పాలిష్ పడతారు, బ్లాంక్ హోల్డర్ స్ప్రింగులు సడలిస్తారు, నూనె మారుస్తారు. అవన్నీ చూడవలసినవే. కానీ మూడో డ్రాలో చీలిన కప్పుకు అసలు కారణం చాలాసార్లు అంతకు ముందే, ఫర్నేస్ దగ్గర జరిగిపోయి ఉంటుంది. ఇత్తడి మీద పడిన ప్రతి దెబ్బా దానిలో నిలిచిపోతుంది. సెగ తగిలితేనే ఆ లెక్క చెరిగిపోతుంది. ఎక్కడ చెరపాలో, ఎంత చెరపాలో, ఎక్కడ అస్సలు చెరపకూడదో తెలిసినవాళ్లు మన షాపుల్లో తక్కువ. టూల్‌రూమ్‌లో, ప్రెస్ లైన్‌లో కొత్తగా చేరినవాళ్లు, ఐటీఐ ముగించి పనికి వెళ్లబోతున్నవాళ్లు ఆ కొద్దిమందిలో చేరాలన్నది నా కోరిక.

ఈ విద్యకు తుపాకి తూటా కేసును మించిన పాఠం లేదు. ఒకే ఇత్తడి ముక్క అడుగున గట్టిగా, మెడ దగ్గర మెత్తగా ఉండాలి. పేలినప్పుడు ఉబ్బి ఛాంబర్ గోడకు అతుక్కోవాలి, వెంటనే కాస్త ముడుచుకుని బయటికి రావాలి. అమెరికాలో కొందరు తుపాకి పనివాళ్లు, అభిరుచిగా షూటింగ్ చేసేవాళ్లు కంపెనీ కేసును తెచ్చి, డైలలో నొక్కి, కోసి, కాల్చి, బజారులో దొరకని కొత్త కొలతకు మారుస్తారు. అలా పుట్టినదాన్ని వైల్డ్‌క్యాట్ అంటారు. 1906లో అమెరికా సైన్యం తీసుకున్న .30-06 కేసుకు ఇలాంటి పిల్లలు బోలెడు. దాని మెడను పావు అంగుళం తూటాకు కుదించిన .25-06 దశాబ్దాల పాటు వైల్డ్‌క్యాట్‌గానే బతికింది. 1969లో రెమింగ్టన్ దాన్ని ఫ్యాక్టరీ సరుకుగా మార్చింది. మెడను పెద్దది చేసిన .35 వీలెన్ 1922 నాటిది. కంపెనీ ముద్ర పడేసరికి 1988 వచ్చింది.

మనవాళ్లు మాత్రం దీన్ని పాఠంగానే తీసుకోవాలి. 1959 ఆయుధాల చట్టం కింద మన దేశంలో తూటా తయారీకి లైసెన్సు తప్పనిసరి. తూటా భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా ఆ చట్టంలో తూటా కిందికే వస్తాయి. జాబ్ వర్క్ చేసే లేత్ దగ్గరికి ఎవరైనా వచ్చి ‘ఖాళీ కేసులే కదా, నాలుగు చేసిపెట్టు’ అంటే చేయకండి. ఎంత తెలిసినవాడైనా, ఎంత డబ్బిచ్చినా చేయకండి. డ్రాయింగ్ కాగితం మీద తూటా పేరు లేకపోయినా, కొలతలు చూసి అనుమానం వస్తే వెనక్కి పంపేయండి.

ఇక లోహం సంగతి. కేసులకు వాడేది 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి. డీప్ డ్రాయింగ్‌కు ఇంత అనువైన ఇత్తడి మరొకటి లేదు. జింకు 35 శాతం దాటి ఇంకా పెరిగితే లోపల బీటా అనే రెండో దశ మొదలవుతుంది. అలాంటిది వేడిగా ఉన్నప్పుడు బాగా సాగుతుంది గానీ చల్లగా లాగితే మొరాయిస్తుంది. మన ఐఎస్ 410 ప్రమాణంలో ఇత్తడి రేకుకు 30, 37, 40 శాతం జింకు గ్రేడులు ఉన్నాయి. మూడూ పసుపుపచ్చగానే మెరుస్తాయి. జింకు రాగి కంటే చవక కాబట్టి సరఫరాదారు 37 పంపి 30 అనడం కొత్తేమీ కాదు. కంటికి తేడా తెలియదు, డైకి తెలుస్తుంది. కాయిల్‌తో పాటు టెస్ట్ సర్టిఫికెట్ అడగడం మీ పని కాదనుకోకండి. కనీసం ఒక కాపీ మీ కళ్లతో చూసి కాయిల్ నంబరు రాసుకోండి. లేత్ పనికి వాడే ఐఎస్ 319 రాడ్‌లో సీసం ఉంటుంది. చిప్స్ పొట్టిగా విరిగి టూల్‌కు చుట్టుకోకుండా ఉండేది ఆ సీసం వల్లే. ఆ రాడ్ తీసుకుని నొక్కి రూపం మార్చాలని చూస్తే చీలడం ఖాయం.

కప్పు డ్రా చేసే ముందు లెక్క వేసుకోవాలి. గోడ మందం మారదనుకుంటే బ్లాంక్ వ్యాసం ఇలా వస్తుంది: కప్పు వ్యాసాన్ని దానితోనే గుణించి, దానికి వ్యాసం, ఎత్తు, నాలుగు కలిపి గుణించిన విలువ చేర్చి, మొత్తానికి వర్గమూలం తీయాలి. 40 మి.మీ. వ్యాసం, 60 మి.మీ. ఎత్తు ఉన్న కప్పు తీసుకోండి. 1600కు 9600 కలిపితే 11200, దాని వర్గమూలం దాదాపు 106 మి.మీ. అంచు కోతకు కొంత అదనం. ఇప్పుడు 106 నుంచి 40కి ఒక్క డ్రాలో దిగగలమా? దిగలేం. మొదటి డ్రాలో మెత్తని 70/30 ఇత్తడి సగానికి దగ్గరగా కుదించుకోగలదు, అంతకు మించి అడిగితే అడుగు ఊడిపోతుంది. కాబట్టి 106 నుంచి 58కి, అక్కడ నుంచి 46కి, ఆ తర్వాత 40కి. తర్వాతి డ్రాలు ఎప్పుడూ మొదటిదాని కంటే తేలికగా ఉండాలి, ఎందుకంటే లోహం అప్పటికే గట్టిపడి ఉంటుంది. మెత్తని 70/30 రేకు వికర్స్ గట్టిదనం 65 ప్రాంతంలో ఉంటే, అదే రేకు బాగా చల్లగా రోల్ చేశాక 150 దాటుతుంది. కూర్పు ఒకటే, మందులేమీ కలపలేదు. పని వల్లే అంత తేడా.

వైల్డ్‌క్యాట్ చేసేవాళ్లు ఈ క్రమాన్ని ఖచ్చితంగా పాటిస్తారు. పెద్ద మార్పు కావాలంటే ఒకే డైలో తోసేయరు. మధ్యలో రెండు మూడు ఫార్మింగ్ డైలు పెట్టుకుంటారు. అక్కడ తొందరపడితే మెడకూ ఒంటికీ మధ్యనున్న వాలు, అంటే భుజం దగ్గర ముడత పడుతుంది, లేదా కేసు మొత్తం కుంగిపోతుంది. నూనె పూయడంలోనూ అంతే జాగ్రత్త. తక్కువైతే కేసు డైలో బిగుసుకుపోయి, బయటికి లాగేటప్పుడు అడుగు అంచు తెగి చేతికి వస్తుంది. ఎక్కువైతే నూనె భుజం దగ్గర చిక్కుకుని, పోవడానికి దారి లేక, ఇత్తడిలోకే గుంట నొక్కుతుంది. మన డ్రా కప్పుల మీద కారణం తెలియని గుంటలు కనిపించినప్పుడు డైలో గాలి రంధ్రం మూసుకుపోయిందేమో, నూనె మరీ ఎక్కువైందేమో చూడండి.

లోహం ఎటు పోతుందో ఊహించడం ఈ పనిలో సగం. మెడను కుదిస్తే గోడ మందమవుతుంది, కొంత పొడవూ పెరుగుతుంది. మెడను వెడల్పు చేస్తే గోడ పలచనవుతుంది, కేసు పొట్టిదవుతుంది. .30-06 తూటా వ్యాసం 7.82 మి.మీ. దాని నుంచి .35 వీలెన్‌కు 9.09 మి.మీ. వరకు సాగాలి. అంటే 16 శాతం. గట్టిపడిన మెడతో ఆ పని చేస్తే నిలువునా చీలుతుంది. అందుకే ముందు మెడకు అనీలింగ్ చేసి, తర్వాత క్రమంగా లావయ్యే పంచ్‌తో మెల్లగా తెరుస్తారు. ఇక పొడవైన కేసును కోసి పొట్టి కేసు చేయడం ఇంకా మాయదారి పని. 63 మి.మీ. దాటిన .30-06 కేసును నొక్కి, కోసి 57 మి.మీ. జర్మన్ మౌజర్ కేసు చేస్తే, కొత్త మెడలో కొంత భాగం పాత భుజం నుంచి, ఒంటి నుంచి వస్తుంది. అక్కడి గోడ మొదటి నుంచీ మందం. పైకి చూస్తే కేసు అందంగా ఉంటుంది. లోపలి మందం వల్ల మెడ ఛాంబర్‌లో వదులు లేకుండా కూర్చుంటే, తూటాను వదలడానికి చోటు ఉండదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. అందుకే మెడ లోపల రీమర్‌తోనో బయట టర్నింగ్‌తోనో సన్నం చేసి, మైక్రోమీటర్‌తో చూశాకే ముందుకు వెళ్తారు. బయటి కొలత సరిపోయిందని పార్ట్ పాస్ చేసే అలవాటు ఎవరికైనా ఉంటే, ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకుంటే చాలు. గోడ మందం వేరే కొలత. దాన్ని వేరుగానే తీయాలి.

అనీలింగ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎక్కువ సరుకు పాడయ్యేది ఇక్కడే. ఉక్కు అలవాటున్నవాళ్లు ఇత్తడిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుందని భయపడతారు. 70/30 ఇత్తడి అలా గట్టిపడదు. దాన్ని గట్టి చేసేది చల్లని పని ఒక్కటే, మెత్తబరిచేది సెగ ఒక్కటే. నీళ్లు దాన్ని చల్లారుస్తాయి, అంతే. తూటా కేసుల పనిలో నీళ్లు వాడేది వేడి అడుగుకు పాకకుండా ఆపడానికి. కేసులను నీళ్లున్న పళ్లెంలో నిలబెట్టి, అడుగు మునిగి ఉండగా, పైన మెడకు మాత్రమే మంట తగిలించడం అమెరికాలో పాత పద్ధతి. ఎందుకంత భయమంటే .30-06 కేసు అడుగు మోసే ఒత్తిడికి అక్కడి ప్రమాణం చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల వరకు అనుమతిస్తుంది. అడుగు మెత్తబడితే ఆ ఒత్తిడికి లోహం పారుతుంది, వాయువు వెనక్కి, మనిషి ముఖం వైపు తన్నుతుంది. మెత్తబడిన అడుగును మళ్లీ గట్టి చేసే సెగ లేదు. అలాంటి కేసును పారేయడమే.

ఫ్యాక్టరీ ఫర్నేస్‌లో 70/30 ఇత్తడికి అనీలింగ్ సుమారు 425 నుంచి 750 డిగ్రీల సెల్సియస్ మధ్య జరుగుతుంది. ఆ హద్దుల్లో మీ పనికి ఎంత అన్నది లోహం రేణువు పరిమాణం చెబుతుంది. తక్కువ వేడిలో రేణువు సన్నగా ఉంటుంది. ఉపరితలం నున్నగా వస్తుంది గానీ లోతైన డ్రాకు లోహం తొందరగా మొండికేస్తుంది. ఎక్కువ వేడిలో రేణువు పెరుగుతుంది. బాగా సాగుతుంది గానీ కప్పు పైన గరుకు లేస్తుంది, షాపుల్లో ఆరెంజ్ పీల్ అనేది అదే. సాధారణ డ్రా పనికి 0.035 మి.మీ. రేణువు బాగుంటుంది. లోతైన తొలి డ్రాలకు 0.050 దాటినా ఫర్వాలేదు. చివరి డ్రాకు ముందు మాత్రం మితిమీరి కాల్చకండి. పాలిష్ విభాగం వాళ్లు రోజంతా బఫ్ పట్టినా ఆ గరుకు పోదు.

రంగు చూసి వేడి అంచనా వేసే అలవాటు చిన్న షాపుల్లో ఉంది. చీకటి మూలలో ఇత్తడి మీద లేత ఎరుపు కనబడిందంటే 500 డిగ్రీలు దాటింది. అదే ఎండ పడే తలుపు దగ్గరైతే ఆ ఎరుపు కనబడదు. పనివాడు ఇంకా కాలుస్తూ పోతాడు. ఉదయం షిఫ్టు సరుకు ఒకలా, రాత్రి షిఫ్టు సరుకు ఒకలా వస్తోందంటే కారణం ఇదే కావచ్చు. నిర్ణీత వేడికి కరిగే సూచిక క్రేయాన్లు దొరుకుతాయి. ఫర్నేస్‌కు థర్మోకపుల్ ఉంటే దాన్ని ఎప్పుడు కాలిబ్రేట్ చేశారో అడగండి. వేడి మరీ పెరిగితే ఇత్తడిలో జింకు ఆవిరై తెల్లని పొగగా లేస్తుంది. జింకు 907 డిగ్రీల దగ్గర మరిగిపోతుంది, అంతకు ముందే ఉపరితలం నుంచి కొద్దికొద్దిగా పోతుంటుంది. ఆ తెల్ల పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు, నోట్లో లోహపు రుచి వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది కాబట్టి మామూలు జ్వరమని వదిలేస్తారు. అలా వదిలేయకండి. ఎగ్జాస్ట్ ఫ్యాను పనిచేయకపోతే కొలిమి వెలిగించనని చెప్పే హక్కు మీకుంది.

అనీలింగ్ తర్వాత పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి పొలుసు తీసి, బాగా కడిగి, ఆరబెట్టాలి. ఇది అందరికీ తెలిసిందే. పొలుసు మిగిలితే డై గీసుకుపోతుంది.

ఇప్పుడు మన దేశానికీ ఈ లోహానికీ ఉన్న అసలు సంబంధం. బ్రిటిష్ వాళ్ల కాలంలో భారతదేశంలో సైన్యం దాచిన తూటాల కేసులు వానాకాలంలో వాటంతటవే చీలిపోయేవి. ఎవరూ కాల్చలేదు, ఎవరూ కొట్టలేదు, పెట్టెలో ఉండగానే చీలిక. ఋతువుతో వస్తుంది కాబట్టి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. గుర్రాల శాలల దగ్గర తూటాలు దాచడం, అక్కడి మూత్రం నుంచి లేచే అమ్మోనియా, వానల తేమ, ఈ మూడూ కలిసి చేసిన పని అది. 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు దీని కారణాన్ని వివరించారు. డ్రా చేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన లాగుడు ఒత్తిడి ఒక పక్క, అమ్మోనియా మరో పక్క. ఏ ఒక్కటి లేకపోయినా చీలిక రాదు. రెండూ కలిస్తే రేణువుల మధ్య అంచుల వెంట ఇత్తడి విడిపోతుంది.

నూరేళ్లు దాటినా ఇదే చీలిక ఇప్పటికీ మన గోదాముల్లో జరుగుతోంది. డ్రా చేసిన ఇత్తడి క్యాపులు యూరియా బస్తాల గోదాములో పెడతారు. మరుగుదొడ్డి గోడకు ఆనించి డబ్బాలు పేరుస్తారు. అమ్మోనియా ఉన్న పాలిష్‌తో, ఫ్లోర్ క్లీనర్‌తో తుడుస్తారు. ఆరు నెలల తర్వాత కస్టమర్ చీలిన పార్టు ఫొటో పంపితే ఏ ప్రెస్, ఏ షిఫ్టు అని వెతుకుతారు. కోస్తా ఆంధ్రలో ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో పనిచేసినవాళ్లకు ఒక సంగతి తెలుసు: అమ్మోనియా లైన్ల మీద ఇత్తడి వాల్వు, ఇత్తడి ఫిట్టింగు పెట్టరు. అంతా ఉక్కే. కారణం అమ్మోనియా రాగి లోహాలను తినేయడం.

దీనికి మందు చవక. చివరి డ్రా అయ్యాక పార్టులను 250 నుంచి 300 డిగ్రీల మధ్య సుమారు గంటసేపు ఉంచితే లోపలి ఒత్తిడి చాలావరకు సడలుతుంది. గట్టిదనం పెద్దగా తగ్గదు. అనీలింగ్ వేరు, ఇది వేరు. దీన్ని స్ట్రెస్ రిలీవింగ్ అంటారు. ఖర్చు మిగులుతుందని చిన్న షాపులు మానేసేది ఇదే, నా దృష్టిలో ఎప్పుడూ మానకూడనిది కూడా ఇదే. లాట్ పాస్ అవుతుందో లేదో తేల్చడానికి అమ్మోనియా ఆవిరిలో నమూనా ఉంచే పరీక్ష ఉంది, మెర్క్యురస్ నైట్రేట్ పరీక్ష కూడా ఉంది. రెండోదానిలో పాదరసం విషం కాబట్టి ల్యాబ్ వాళ్లకే వదిలేయండి. పార్టు తేమ, అమ్మోనియా ఉన్నచోట పనిచేయాల్సి ఉంటే డిజైన్ వాళ్లకు ముందే చెప్పండి. జింకు 15 శాతం లోపు ఉన్న ఇత్తడి ఈ చీలికను చాలా బాగా తట్టుకుంటుంది.

చీలికను చదవడం నేర్చుకోండి. కప్పు అడుగు మూల చుట్టూ అడ్డంగా తెగితే డ్రా మరీ ఎక్కువైంది, లేదా రేడియస్ చిన్నదైంది, లేదా బ్లాంక్ హోల్డర్ బిగిసింది. ఇక్కడ డైని అనుమానించండి. అంచు నుంచి నిలువునా చీలితే లోహం గట్టిపడిపోయింది లేదా లోపల ఒత్తిడి మిగిలింది. ఇక్కడ ఫర్నేస్ చార్టు అడగండి. అంచు అలలుగా, నాలుగు చెవులు లేచినట్టు వస్తే అది రోలింగ్ దిశ ప్రభావం, రేకు సరఫరాదారుతో మాట్లాడాలి. కేసుల్లోనూ ఇంతే. మెడ నిలువునా చీలితే మెడ గట్టిపడింది. అడుగుకు కొంచెం పైన అడ్డంగా మెరిసే గీత కనబడితే కేసు ఛాంబర్‌లో సాగిపోతోంది, లోపల గోడ పలచబడింది. వైల్డ్‌క్యాట్ చేసేవాళ్లు కొన వంచిన సన్నని తీగను లోపలికి పోనిచ్చి ఆ గాడిని చేతితో తడిమి పట్టుకుంటారు. పైకి కనబడని లోపాన్ని పట్టుకునే ఉపాయాలు ఏ షాపులోనైనా ఇలాగే సులువుగా ఉంటాయి, ఎవరో ఒకరు నేర్పాలి.

ఇక ఉద్యోగం మాట. తూటాల కేసుల తయారీ మన దేశంలో ప్రధానంగా ప్రభుత్వ కర్మాగారాల పని. పుణె దగ్గర ఖడ్కి, మహారాష్ట్రలోనే వరణ్‌గావ్ పేరున్నవి. 2021 అక్టోబరు 1 నుంచి అవి మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చాయి. ప్రైవేటు రంగంలోనూ పెద్ద తూటా కర్మాగారాలు మొదలయ్యాయి, 2024లో కాన్పూర్‌లో తెరిచింది అలాంటిదే. అక్కడికి వెళ్లినా వెళ్లకపోయినా ఈ పనితనం వృథా కాదు. బల్బు క్యాపులు, విద్యుత్ టెర్మినళ్లు, గ్యాస్ బర్నర్ భాగాలు, తాళాల పెట్టెలు, అన్నిటికీ ఇదే ఇత్తడి, ఇదే డ్రా, ఇదే సెగ. బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ప్రెస్ నడిపేవాళ్లు చాలామంది దొరుకుతారు. చీలిన కప్పు చూసి కారణం చెప్పేవాడు దొరకడు.

చదువు కావాలనుకుంటే ఐటీఐలో టూల్ అండ్ డై మేకర్ రెండేళ్ల ట్రేడ్ ఉంది. 1968 నుంచి బాలానగర్‌లో ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ డిప్లొమా కోర్సులు నడుపుతోంది. ఎక్కడ చదివినా డై డిజైన్ మీద పెట్టే శ్రద్ధలో సగమైనా హీట్ ట్రీట్‌మెంట్ మీద పెట్టండి. ఇంటర్వ్యూలో ఎన్ని టన్నుల ప్రెస్ నడిపారో అందరూ చెబుతారు. మీరు కాయిల్ నంబరు, రేకు మందం, ప్రతి డ్రా తర్వాత గట్టిదనం, ఫర్నేస్ వేడి, సమయం, రిజెక్షన్ రాసుకున్న నోటుబుక్ తీసి బల్ల మీద పెట్టండి.

షాపులో ఫర్నేస్ డ్యూటీని శిక్షలా చూస్తారు. వేడి, పొగ, పేరు రాదు. అయినా చేరిన మొదటి ఏడాదిలోనే ఆ డ్యూటీ నాకు వేయండని ఫోర్‌మన్‌ను మీరే అడగండి.